సూది ఎరుపు దాకా పోకముందే

కారు పాతబడిందంటే చాలామందికి ఒకటే లెక్క: ఏదో ఒకటి పోతూ ఉంటుంది, పోయినదాన్ని మారుస్తూ ఉండాలి. వరంగల్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్ళకి ఈ లెక్కతో రోజులు గడిచిపోతాయి. వీధి చివర మెకానిక్ ఉంటాడు, ఫోను కొడితే బండిని ఎత్తుకుపోయేవాళ్ళు వస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో బండి నడిపేవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. ఒకప్పటి 16వ నంబరు, ఇప్పటి 63వ నంబరు జాతీయ రహదారి మీద బీజాపూర్ వదిలితే మోదక్‌పాల్, మద్దేడు, ఆ తర్వాత భోపాలపట్నం. మధ్యలో ఉన్నదంతా అడవే. బీజాపూర్ నుంచి అటు జగదల్‌పూర్ పోదామంటే 160 కిలోమీటర్ల దాకా ఉంటుంది. భోపాలపట్నం నుంచి తార్లగూడెం మీదుగా తెలంగాణలోకి దిగితే వాజేడు, ముల్లకట్ట దగ్గర గోదావరి మీద 2016లో తెరిచిన వంతెన, ఏటూరునాగారం, తాడ్వాయి అడవి, ఆ పైన వరంగల్. భోపాలపట్నం చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఆసుపత్రికైనా, పెళ్ళి బట్టలకైనా పట్టుకునే దారి ఇది.

ఈ దారుల్లో తిరిగే సొంత బండ్లలో వయసు మళ్ళినవి చాలా ఉన్నాయి. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అంబాసిడర్ అదే ఏడాది ఆగింది, ఓమ్నీ 2019లో. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనబడే ఏ 800 అయినా పదేళ్ళు దాటినదే. సుమోలు, కమాండర్ జీపులు, తొలినాటి బొలేరోల సంగతి చెప్పనక్కర్లేదు. వీటిని దారి మధ్యలో ఆపేసే రోగాల్లో ముందు వరసలో ఉండేవి రెండు: ఇంజను వేడెక్కడం, బ్యాటరీ దిగిపోవడం. రెండింటినీ చాలావరకు మీరే పట్టుకోవచ్చు. అందుకు కొన్ని వందల రూపాయలకు దొరికే మల్టీమీటరు కావాలి, ఇంజను చల్లారేదాకా చేతులు కట్టుకుని కూర్చునే ఓపిక కావాలి. ఆ ఓపికను కూడా స్పానరులాంటి పనిముట్టు కిందే లెక్కేసుకోండి. అది డిక్కీలో లేనప్పుడే చిన్న ఖర్చు పెద్ద ఖర్చవుతుంది.

రెండు రోగాలు, ఒకే బెల్టు

బానెట్ ఎత్తి చూడండి. ఇంజనుకు ఒక పక్కన నల్లటి రబ్బరు బెల్టు తిరుగుతుంటుంది. మనవాళ్ళు ఫ్యాన్ బెల్టు అనేది దాన్నే. మారుతి 800లో ఆ బెల్టు వాటర్ పంపునూ ఆల్టర్నేటర్‌నూ కలిపి తిప్పుతుంది. అంబాసిడర్‌లో, పాత డీజిల్ జీపుల్లో వాటితోపాటు రేడియేటర్ ఫ్యాన్‌ను కూడా అదే తిప్పుతుంది. ఇంజనులో నీళ్ళు తిరగడమూ, బ్యాటరీ ఎక్కడమూ రెండూ ఆ రబ్బరు ముక్క మీదే ఆధారపడి ఉన్నాయన్నమాట. అందుకని మీటర్ దగ్గర ఎర్రటి బ్యాటరీ దీపం వెలిగి, వెంటనే వేడి సూది కూడా పైకి లేస్తుంటే, రెండు జబ్బులు ఒకేసారి వచ్చాయని కంగారుపడకండి. బెల్టు తెగింది, లేదా జారుతోంది. అక్కడే పక్కకు తీసి ఇంజను ఆపెయ్యాలి.

ఆ క్షణంలోనే మనసు గారడీ చేస్తుంది. "ఇంకో నాలుగు కిలోమీటర్లు పోతే మద్దేడు వచ్చేస్తుంది" అంటుంది. దాని మాట వినకండి. వట్టి బ్యాటరీ దీపమే వెలిగి, వేడి సూది కదలకుండా ఉంటే లైట్లు, బ్లోయర్ కట్టేసుకుని పగటిపూట కొంత దూరం నెట్టుకురావచ్చు. పంపు తిరగని ఇంజనుతో మాత్రం ఆ పని కుదరదు. మారుతి ఇంజను హెడ్ అల్యూమినియంది. నీళ్ళు తిరగకుండా కొద్ది నిమిషాలు నడిపినా అది వంగిపోతుంది, గ్యాస్కెట్ పోతుంది. కొన్ని వందలతో పోయే బెల్టు పని వేల రూపాయల హెడ్ పని కింద మారేది ఆ నాలుగు కిలోమీటర్లలోనే.

బెల్టు బాగోగులు తెలుసుకోవడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఇంజను ఆపి, రెండు పుల్లీల మధ్య పొడవాటి చోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. సెంటీమీటరు మేర దిగితే సరిగ్గా ఉన్నట్టు. అంతకంటే బాగా దిగితే వదులు, అసలు దిగకపోతే బిగువు. వదులైతే జారుతుంది, పొద్దున్నే స్టార్ట్ చేసి లైట్లు వేయగానే కీచుమనేది అందుకే. బిగువైతే అరుపు ఉండదుగానీ వాటర్ పంపు బేరింగునూ ఆల్టర్నేటర్ బేరింగునూ తినేస్తుంది. లోపలి వైపు అద్దంలా మెరుస్తున్నా, అడ్డంగా పగుళ్ళు కనబడుతున్నా మార్చెయ్యండి. కొత్త బెల్టు ఒకటి, దాన్ని బిగించే స్పానరు ఒకటి సీటు కింద లేకుండా భోపాలపట్నం రోడ్డు ఎక్కకండి.

ఎక్కడ పోయిందో ఎప్పుడు వేడెక్కిందో చెబుతుంది

వేడెక్కిన బండి చుట్టూ మనుషులు చేరితే తలా ఒక పేరు చెబుతారు: థర్మోస్టాట్, పంపు, రేడియేటర్. పేర్లు తర్వాత. ముందు మీరు ఒక్క సంగతి జ్ఞాపకం చేసుకోండి: సూది ఎప్పుడు లేచింది?

సంతలోనో, రోడ్డు పనుల దగ్గరో ఆగి ఉన్నప్పుడు లేచి, బండి కదిలి గాలి తగలగానే దిగిందా? అయితే అనుమానం ఫ్యాన్ మీదికి పోవాలి. 800లో, ఓమ్నీలో అది కరెంటు ఫ్యాను. ముందు ఫ్యూజు చూడండి, తర్వాత కనెక్టరు. వేడి స్విచ్‌కు రెండు వైర్లు వచ్చే పాత కార్బురేటర్ మోడళ్ళలో ఆ కనెక్టరు ఊడదీసి, తాళం ఆన్‌లో పెట్టి రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలిపితే ఫ్యాను తిరగాలి. తిరిగితే పోయింది స్విచ్. తిరగకపోతే ఫ్యానో, రిలేనో, వైరో. ఇంజను పనిని కంప్యూటర్ చూసుకునే తర్వాతి మోడళ్ళలో మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి. ఇంకో మాట, కరెంటు ఫ్యాను ఏ క్షణంలోనైనా తనంతట తాను తిరగగలదు. దాని రెక్కల దగ్గర వేళ్ళు పెట్టాలంటే ముందు బ్యాటరీ వైరు తీసెయ్యండి.

ఆగినప్పుడు బాగానే ఉండి, వేగంగా పోతున్నప్పుడో లోడుతో ఎక్కుడు ఎక్కుతున్నప్పుడో లేచిందా? అయితే ఫ్యాను మంచిదే. నీళ్ళు తగ్గి ఉండాలి, లేదా రేడియేటర్ మూసుకుపోయి ఉండాలి. స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే లేచిందంటే థర్మోస్టాట్ మూసుకునే ఉండిపోయింది, లేదా నీళ్ళే లేవు. థర్మోస్టాట్ అనేది ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌లోకి పోనివ్వని చిన్న వాల్వు. సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఇంజను కాలిపోతున్నా రేడియేటర్ పై గొట్టం చల్లగా ఉంటే అది తెరుచుకోలేదన్నట్టు. పై గొట్టం బాగా వేడిగా ఉండి కింది గొట్టం చల్లగా ఉంటే రేడియేటర్‌లో నీళ్ళు పారడం లేదు, లేదా పంపు తోయడం లేదు. చేత్తో తాకబోయే ముందు ఇంజను ఆపి, బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా, గుడ్డ అడ్డం పెట్టి చూడండి. థర్మోస్టాట్ పీకి పారేస్తే పీడా పోతుందని కొందరు సలహా ఇస్తారు. ఊరు చేరడానికి ఒక పూట అలా నడిపితే నడిపారుగానీ అలాగే వదిలేయకండి. ఇంజను ఎప్పటికీ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

డీజిల్ సుమోలు, బొలేరోల్లో ఇంజనే తిప్పే ఫ్యానుకు మధ్యలో సిలికాన్ నూనె నిండిన క్లచ్ ఉంటుంది. ఇంజను వేడిగా ఉండగా ఆపి రెక్కను తిప్పితే కొంచెం బరువుగా కదలాలి. గిరగిరా తిరిగిపోతే నూనె కారిపోయింది, ఆ క్లచ్ పని అయిపోయింది.

వేడి సూదిని గుడ్డిగా నమ్మినా ప్రమాదమే. ఆ సూదికి కబురు చెప్పే సెన్సారు నీళ్ళలో మునిగి ఉండాలి. నీళ్ళన్నీ కారిపోతే సెన్సారు వట్టి ఆవిరిలో మిగిలి, ఎరుపు దాకా లేచిన సూది ఉన్నట్టుండి కిందికి జారుతుంది. "చల్లబడింది, పోదాం" అనుకుంటారు. నిజానికి ఇంజను అప్పుడే ఎక్కువ కాలుతుంటుంది. ఏ కారణమూ లేకుండా దిగిన సూదిని చూసి ఊపిరి పీల్చుకోకండి. బండి ఆపండి.

ఆపాక ఏం చెయ్యాలి? హీటర్ ఉన్న బండి అయితే ఆపే ముందు దాన్ని ఫుల్‌లో పెట్టండి, ఇంజను వేడిని కొంత అది లాగేస్తుంది. ఇంజను కట్టేసి బానెట్ ఎత్తండి. ఆ తర్వాత అరగంటసేపు, ఎండాకాలం అయితే ఇంకా ఎక్కువ, రేడియేటర్ మూత జోలికి పోకండి. ఆ మూత ఊరికే మూత కాదు. లోపలి నీళ్ళను ఒత్తిడిలో ఉంచి, 100 డిగ్రీల దగ్గర మరగాల్సిన నీటిని 118 డిగ్రీల దాకా మరగకుండా పట్టి ఉంచేది అదే. మూత తిప్పగానే ఒత్తిడి పోతుంది, నీళ్ళన్నీ ఒక్కసారి ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఆ కాలిన గాయానికి దగ్గర్లో ఆసుపత్రి లేని చోట ఉన్నామని గుర్తుంచుకోవాలి. అలాగే కాలుతున్న ఇంజను మీద చల్లటి నీళ్ళు గుమ్మరించకండి, హెడ్డో బ్లాకో పగులుతుంది. పై గొట్టాన్ని పిసికితే మెత్తగా ఉండి, పట్టుకుంటే చెయ్యి కాలనప్పుడు, మూత మీద మందపాటి గుడ్డ వేసి పావు వంతు తిప్పి ఆగండి. బుస్సుమనడం పూర్తిగా ఆగాకే మిగతాది తిప్పండి.

ఎర్ర మట్టి, బోరు నీళ్ళు

1900 చివర్లో విల్‌హెల్మ్ మేబాక్ తొలి మెర్సిడెస్ కారు కోసం తేనెపట్టు రేడియేటర్ తయారు చేసినప్పుడు అందులో 8,070 సన్నటి గొట్టాలు అతికించాడు. నీటి వేడిని గాలి మోసుకుపోవాలంటే గాలికి అన్ని దారులు కావాలి. ఈనాటి రేడియేటర్ ఆకారం మారినా సూత్రం మారలేదు: సందులు ఎంత శుభ్రంగా ఉంటే ఇంజను అంత చల్లగా ఉంటుంది. మన దారుల్లో ఆ సందుల గతి ఏమవుతుందో ఒకసారి వంగి చూడండి. వానాకాలం ముందుపోయే లారీ చిమ్మిన ఎర్ర బురద, వానలు తగ్గాక గడ్డి గింజలు, రాత్రి లైట్లకు వచ్చి కొట్టుకున్న పురుగులు, ఎండాకాలం దుమ్ము. పైకి కనిపించేది కొంతే, ఫిన్నుల లోతులో అట్టకట్టింది ఎక్కువ. నీళ్ళు ఇంజను వైపు నుంచి బయటికి, ధార మెల్లగా పెట్టి కొట్టండి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుంది. గట్టి ప్రెషర్ పెడితే ఫిన్నులు మడతపడి, ఉన్న దారులూ మూసుకుంటాయి. వానాకాలం పోగానే ఒకసారి, మార్చి ముగిసేలోపు ఒకసారి ఈ పని చేస్తే ఎండాకాలపు వేడి బాధల్లో సగం రానే రావు.

బయటి మట్టి కంటికి కనబడుతుంది, లోపలిది కనబడదు. అందుకే నాకు బోరు నీళ్ళంటే ఎక్కువ భయం. ఉప్పదనం ఉన్న నీళ్ళు రేడియేటర్‌లో పోస్తూపోతే సన్నటి గొట్టాల లోపల తెల్లటి పొర కడుతుంది. వట్టి నీళ్ళే అయితే ఇంజను లోపలి ఇనుము తుప్పుపట్టి ఆ తుప్పంతా రేడియేటర్ అడుగున చేరుతుంది. "కూలెంట్ చలి దేశాల వాళ్ళకు, మనకెందుకు" అనేవాళ్ళు ఉన్నారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పు పట్టనివ్వకపోవడం, మరిగే డిగ్రీని పెంచడం మనకు కావాల్సిన పనులు. కలపకుండా పోసే రకం కాకపోతే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. ఒకదాని మీద ఇంకో రకం కలపకండి. దారిలో నీళ్ళు అయిపోతే వాగు నీళ్ళైనా వడగట్టి పోసుకోండి, ఇల్లు చేరాక మొత్తం దింపి కడిగి కొత్తది పోయండి. దింపిన కూలెంట్‌ను మాత్రం దొడ్లో పారబోయకండి. అది తియ్యగా ఉండే విషం. కుక్కలూ మేకలూ నాకుతాయి, చచ్చిపోతాయి. చిన్న పిల్లలున్న ఇంట్లో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి.

రెండో బ్యాటరీ కొన్నా తీరని రోగం

ఇక కరెంటు సంగతి. ఇందులో డబ్బు పోగొట్టుకునేంతగా జనం ఇంకెందులోనూ పోగొట్టుకోరు, ఎందుకంటే బ్యాటరీ కంటికి కనబడే వస్తువు. దిగిపోయింది అనగానే దాన్నే తప్పుపడతారు. భోపాలపట్నంలో ఒక కిరాణా వ్యాపారి 800 దగ్గర జరిగిన మాటలు ఇవి.

"బ్యాటరీ కొత్తదే అన్నా. పొద్దుగాల సెల్ఫ్ కొడితే టక్ టక్‌మంటాంది, గుంజుతలేదు."

"ఎప్పుడు తెచ్చినవ్ తమ్మీ?"

"దీపావళికి."

"పాతదెందుకు తీసేసినవ్?"

"అది గూడ గిట్లనే చేసింది."

ఆ చివరి మాటలోనే రోగం ఉంది. రెండు బ్యాటరీలు ఒకే తీరుగా చేస్తే తప్పు బ్యాటరీది కాదు. మీటరు తెచ్చారు. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ కొనల మీద 12.1 వోల్టులు. నిండిన బ్యాటరీ 12.6 చూపాలి, 12.2 అంటే సగం, 12 కిందికి పోతే ఖాళీ. ఎలాగో స్టార్ట్ చేసి, ఇంజను నడుస్తుండగా అవే కొనల మీద కొలిస్తే 12.9. అక్కడ 13.8కీ 14.5కీ మధ్య రావాలి. "ఆల్టర్నేటర్ పోయింది" అని అప్పటికే ఇద్దరు తేల్చేశారు. మీటరు ఎర్ర వైరును ఆల్టర్నేటర్ వెనకాల లావుపాటి వైరు బిగించే బోల్టు మీద పెట్టి, నల్లదాన్ని ఇంజను బాడీకి ఆనిస్తే 14.2 వచ్చింది. ఆల్టర్నేటర్ తన పని తాను శుభ్రంగా చేస్తోంది. తయారైన కరెంటు బ్యాటరీ దాకా చేరడం లేదు, అంతే. ఇప్పుడు మీటరు ఒక వైరు ఆల్టర్నేటర్ బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ కొన మీద పెట్టారు. ఆ రెండింటి మధ్య దాదాపు సున్నా ఉండాలి, అర వోల్టు దాటకూడదు. 1.2 చూపింది. లైట్లు వేసి కొలిస్తే ఇంకా పెరిగింది. ఇంజను ఆపి, బ్యాటరీ వైరు తీసి, ఆ బోల్టు విప్పి చూస్తే రాగి పోగుల్లో చాలావరకు పచ్చగా కిలుమెక్కి తెగిపోయి, పిడికెడు వైరులో నాలుగైదు పోగులే మిగిలాయి. పాత వైరు కొసను మంచి రాగి కనబడేదాకా కోసి కొత్త లగ్గు వేసి బిగిస్తే బ్యాటరీ మీద 14.1 వచ్చింది. దీపావళికి తీసేసిన పాత బ్యాటరీని చార్జి పెట్టి మర్నాడు కొలిస్తే 12.5 చూపింది. అది కొట్టు వెనక ఇన్వర్టర్ లేని గదిలో దీపానికి పనికొచ్చింది.

ఎర్త్ వైరును కూడా ఇలాగే చూడాలి. ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మీటరు ఒక వైరు బ్యాటరీ మైనస్ కొన మీద, రెండోది ఇంజను మీద పెయింటు లేని చోట ఆనించండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ బిగించాలి. వానల్లో, బురదలో తిరిగే పాత బండ్లకు ఈ ఒక్క బోల్టు తెచ్చిపెట్టే తంటాలు అన్నీ ఇన్నీ కావు. లైట్లు మినుకుమంటాయి, సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది. కరెంటు ఫ్యాను ఉన్న కార్లలో ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. అలా కరెంటు రోగం వేడి రోగంగా కనిపించి, బాగున్న రేడియేటర్‌ను మార్పిస్తుంది.

ఇంజను నడుస్తుండగా కొలత 15 వోల్టులు దాటితే ఆ ప్రమాదం వేరు. రెగ్యులేటర్ అదుపు తప్పింది. బ్యాటరీ నీళ్ళు మరిగి తగ్గిపోతాయి, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది, బల్బులు పేలతాయి. అలాంటి బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించకండి, ఎవరినీ వెలిగించనివ్వకండి. అందులోంచి వచ్చే హైడ్రోజన్ నిప్పు తగిలితే పేలుతుంది.

ఎర్ర దీపాన్ని కూడా రోజూ గమనించాలి. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. తాళం తిప్పినా వెలగకపోతే "దీపం లేదు, బాధ లేదు" అనుకోకండి. పాత ఆల్టర్నేటర్లు చాలావాటికి తొలి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. చవకైన ఆ బల్బు కాలిపోతే ఆల్టర్నేటర్ చార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు.

ఒక అలవాటును మాత్రం గట్టిగా వద్దంటాను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, "ఆగలేదు, ఆల్టర్నేటర్ మంచిదే" అని తేల్చే పద్ధతి ఇంకా నడుస్తోంది. డైనమోల కాలంలో అది చెల్లింది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అలా పీకితే వోల్టేజి ఒక్కసారి ఎగసి రెగ్యులేటర్‌నూ డయోడ్లనూ కాలుస్తుంది. కంప్యూటర్ ఉన్న బండి అయితే అదీ పోతుంది. ఎంత అనుభవం ఉన్న మిస్త్రీ అయినా సరే, ఆ చెయ్యి బ్యాటరీ మీదికి పోతుంటే "వద్దన్నా, మీటరు పెట్టి చూద్దాం" అని మర్యాదగా ఆపండి. బండి మీది, ఖర్చు మీది.

రాత్రి బాగానే పెట్టిన బండి, చార్జింగ్ సరిగ్గా ఉన్నా, పొద్దునకు చచ్చిపోతుంటే ఏదో కరెంటు దొంగతనంగా తాగుతోంది. అన్నీ కట్టేసి, మైనస్ వైరు విప్పి, మీటరును ఆంపియర్లలో పెట్టి మధ్యలో కలపండి. 0.05 ఆంపియర్ దాటితే ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ పోండి, ఏది తీసినప్పుడు కొలత పడిపోయిందో ఆ వైరు మీదే దొంగ. మీటరు అలా కలిపి ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటరు కాలిపోతుంది.

మిస్త్రీకి అప్పగించే రోజు

కొన్ని రోగాలు మీ చేతిలో లేవు. చల్లటి ఇంజను మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్ నోట్లో ఆగకుండా బుడగలు వస్తున్నా, ఆయిల్ పోసే మూత లోపల పాలమీగడలాంటి నురగ చేరినా, ఎక్కడా కారకుండానే నీళ్ళు తగ్గుతున్నా, అది హెడ్ గ్యాస్కెట్. నీళ్ళు పోసుకుంటూ జగదల్‌పూర్ దాకా నడిపిద్దామనుకోకండి. బండిని కట్టి లాగించుకు వెళ్ళండి. హెడ్ విప్పాక అది వంగిందో లేదో స్కేలు పెట్టి మీ ఎదురుగా చూపించమనండి. వంగిన హెడ్ కింద కొత్త గ్యాస్కెట్ వేస్తే ఎన్నాళ్ళో నిలవదు.

బీజాపూర్‌లోనైనా, గీదంలోనైనా, వరంగల్ ఆటోనగర్‌లోనైనా మిస్త్రీ దగ్గరికి పోయినప్పుడు "పంపు మార్చు", "బ్యాటరీ చూడు" అని మొదలుపెట్టకండి. మీరు పేరు చెబితే ఆయన ఆ పేరు దగ్గరే ఆగిపోతాడు. డ్యాష్‌బోర్డు అరలో చిన్న పుస్తకం పెట్టుకోండి. సూది ఏ ఊరి దగ్గర లేచింది, అప్పుడు బండి ఆగి ఉందా, పోతోందా, లోడు ఎంత, కిందటిసారి నీళ్ళు ఎప్పుడు పోశారు, ఎన్ని లీటర్లు పట్టాయి, ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ ఎంత చూపింది, నడుస్తున్నప్పుడు ఎంత. ఆ పేజీ తెరిచి ఆయన చేతికివ్వండి. చూసి పక్కన పెట్టేస్తే ఆ పేజీ మీరే చదివి వినిపించండి. అది విన్నాక కూడా ఏమీ కొలవకుండా నేరుగా సామాను చీటీ రాయబోతే బండి తీసుకుని ఇంకో షెడ్డుకు పోండి.